సన్నబియ్యం, జీరో టికెట్: వంటింటికి ఏది ఎంత?

తెలంగాణలో ఆడవాళ్ల వంటింటిని తాకే రెండు పథకాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి మహిళలకు జీరో టికెట్ ఇచ్చే, 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి ఉచిత బస్సు. రెండోది 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో మొదలైన రేషన్ సన్నబియ్యం. ఆ ఊరికి అటూ ఇటూ ఉన్న కోదాడ, మిర్యాలగూడలతో పాటు సూర్యాపేటలోనూ పనికెళ్లే ఆడవాళ్ల వంటింట్లో నిలబడి చూస్తే ఈ రెండింటి బలం, లోటు స్పష్టంగా తెలుస్తాయి.

ముందు బియ్యం సంగతి. మనిషికి నెలకు 6 కిలోలు, నలుగురున్న ఇంటికి 24. దొడ్డుబియ్యం ఇచ్చినన్నాళ్లు చాలా ఇళ్లు వాటిని తక్కువకు అమ్మేసి, పై డబ్బు వేసి సన్నవి కొనుక్కున్నాయి. ఆ ఖర్చు తగ్గింది. పనున్నా లేకపోయినా నెల తిరిగేసరికి బియ్యం ఇంటికొస్తాయి. ఇది చిన్న మేలు కాదు. అయితే 6 కిలోలంటే రోజుకు 200 గ్రాములు, సుమారు 700 కేలరీలు. ఒక మోస్తరు శ్రమ చేసే స్త్రీకి రోజుకు 2,130 కేలరీలు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. అంటే మూడో వంతు మాత్రమే వచ్చినట్టు. మిగతా బియ్యం, పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గుడ్లు అన్నీ కొనాల్సిందే. రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఆ లోటు బియ్యంతో తీరేది కాదు.

బస్సు బలం ఇక్కడే ఉంది. పక్క ఊరి నుంచి సూర్యాపేట బట్టల దుకాణానికో, ప్రైవేటు ఆసుపత్రికో పనికి వచ్చే మహిళకు రానుపోను చార్జీ మిగులుతుంది. ఆ మిగులు సాయంత్రం ఇంటికెళ్తూ కొనే అరకిలో టమాటా, ఆకుకూర కట్ట అవుతుంది. బియ్యం కార్డు మీద ఇంటికి వస్తే, ఈ డబ్బు నేరుగా ఆమె చేతిలో ఉంటుంది. ఏం కొనాలో ఆమే తేలుస్తుంది.

కానీ బస్సు అందరిదీ కాదు. కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పనికెళ్తే జీరో టికెట్ రాష్ట్ర సరిహద్దు వరకే. మిర్యాలగూడ వార్డుల నుంచి సాగర్ ఎడమ కాలువ కింద నాట్లకు, కలుపుకు వెళ్లేవాళ్లు ఎక్కేది ఆటో. పొలం గట్టు దాకా బస్సు రాదు. వాళ్ల సద్దిగిన్నె మూత తీసి చూస్తే పథకాల కంటే ఎక్కువే తెలుస్తుంది. నాట్ల రోజుల్లో అన్నం మీద పప్పు ఉంటుంది, ఒక్కోనాడు గుడ్డు ఉంటుంది. కాలువకు నీళ్లు రాని కాలంలో అదే గిన్నెలో అన్నం, పచ్చడి. బియ్యం మారలేదు. ఆగింది కూలి.

ఆహారం ఉండటం వేరు, దాన్ని అందుకునే స్తోమత ఉండటం వేరని అమర్త్యసేన్ 1981లోనే వాదించారు. రైస్ మిల్లులకు పేరుమోసిన మిర్యాలగూడలో ఆ మాటకు వేరే రుజువు అక్కర్లేదు.

2013 ఆహార భద్రత చట్టం 18 ఏళ్లు నిండిన వారిలో పెద్దావిడనే రేషన్ కార్డుకు ఇంటి యజమానురాలిగా గుర్తించింది. మంచిదే. అయినా ఈ పథకాల్లో ఆమె బియ్యం తీసుకునే మనిషి, బస్సులో ప్రయాణం చేసే మనిషి. సంపాదించి ఇల్లు నడిపే మనిషిగా ఆమెను చూసే పథకం ఏది? మగవాళ్లతో సమానంగా కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. పొలాల్లో ఇప్పటికీ ఆడకూలి వేరు, మగకూలి వేరు.

రెండింటినీ తూస్తే బియ్యం ఆకలిని ఆపుతుంది, బస్సు కూరకు దారి చూపుతుంది. రెండూ ఉండాలి. వాటి పక్కన ఇంకొన్ని చేరాలి: అమలయ్యే కనీస వేతనం, పని వేళలకు సరిపడా తెరిచి ఉండే వార్డు అంగన్‌వాడీ, రేషన్‌లో పప్పు, నూనె. పట్టణంలో పేదింటి తిండికి భద్రత గోదాముల నిల్వలతోనే రాదు. ఆ ఇంటి ఆడమనిషికి ఏడాది పొడవునా పని, ఆ పనికి తగిన కూలి దొరికితేనే వస్తుంది.