విట్మన్ చూచిన దూరదృశ్యాలు

వాల్ట్ విట్మన్‌ను తెలుగు కవిలోకం "లీవ్స్ ఆఫ్ గ్రాస్" కర్తగా, ఛందోబంధాలను తెంచినవాడుగా ఎరుగును. వాషింగ్టన్‌లో ప్రభుత్వ గుమాస్తాగా ఉంటూ ఆయన 1871లో ప్రకటించిన "డెమొక్రటిక్ విస్టాస్" అనే వచనగ్రంథం కూడ అంతే శ్రద్ధతో చదువదగినది.

దీని పుట్టుకకు ఒక వివాదం కారణం. 1867లో బ్రిటనులో ఓటుహక్కును విస్తరిస్తున్న తరుణాన థామస్ కార్లైల్ ప్రజాస్వామ్యాన్ని నయాగరా జలపాతంలోకి దూకడంతో పోల్చి నిందించినాడు. దానిని ఖండించడానికి కలం పట్టిన విట్మన్, వ్రాస్తూ వ్రాస్తూ ప్రతివాది భయాలలో కొంత నిజమున్నదని ఒప్పుకొన్నాడు. అంతర్యుద్ధకాలంలో క్షతగాత్రులకు పరిచర్య చేసి సామాన్యుని ధైర్యాన్ని చూచినవాడాయన. యుద్ధానంతరం పాలనలో లంచగొండితనాన్ని, వ్యాపారంలో ధనదాహాన్ని చూచినవాడూ ఆయనే. ఈ రెండు అనుభవాల సంఘర్షణే గ్రంథానికి బలం.

చట్టాలు, ఎన్నికలు ప్రజాస్వామ్యానికి దేహం మాత్రమేననీ, పౌరుని వ్యక్తిత్వమే దానికి ప్రాణమనీ, ఆ వ్యక్తిత్వాన్ని సాహిత్యం తీర్చిదిద్దవలెననీ ఆయన వాదం. అయినా యువకులను రాజకీయాలకు దూరంగా ఉండుమనలేదు. విషయాలు తెలిసికొనుమనీ, తప్పక ఓటు వేయుమనీ, పార్టీలకు కట్టుబడవద్దనీ హితవు చెప్పినాడు. ఏ పక్షానికీ లొంగని రైతులు, గుమాస్తాలు, పనివారే పార్టీలకు యజమానులని ఆయన నమ్మకం.

అయితే ఇందులో ఒక పెద్ద కొరత ఉన్నది. జాతి, వర్ణం, పూర్వదాస్యం కారణంగా ఓటు నిరాకరించరాదని 1870లో 15వ రాజ్యాంగ సవరణ శాసించినది. దేశాన్ని కుదిపిన ఆ ప్రశ్నను గ్రంథం సూటిగా ఎదుర్కొనలేదు. సర్వమానవులను గానం చేసిన కవి నల్లజాతి పౌరుని ఓటు దగ్గర తడబడినాడు. తరువాత దక్షిణ రాష్ట్రాలు ఓటుపన్నుతోను, అక్షరాస్యతా పరీక్షలతోను ఆ పౌరుని దశాబ్దాలపాటు అడ్డగించినవి. మనిషిని విముక్తుణ్ణి చేయవలసిన చదువే అక్కడ తలుపుకు గడియ అయినది. ఆ గడియను తీసినది కావ్యం కాదు. ప్రజల ఉద్యమమూ, దాని ఒత్తిడివల్ల వచ్చిన 1965 నాటి ఓటుహక్కుల చట్టమూ.

అంతమాత్రాన విట్మన్ వాదం వ్యర్థం కాలేదు. దెబ్బలకు వెరవక ఓటర్ల జాబితాలో పేరు వ్రాయించుకొనడానికి బారులు తీరిన ఆ సామాన్యులలో ఆయన కోరిన వ్యక్తిత్వమే కనబడుతుంది. కాని దానిని వారికి ఏ కవీ ప్రసాదించలేదు. సాహిత్యం శీలాన్ని నిర్మిస్తుందని చెప్పే రచయితలు ఈ సంగతిని మరువరాదు.

గ్రంథనామంలోని "విస్టాస్"ను తెలుగులో "దర్శనాలు" అంటే, చూడవలసినదంతా చూచి ముగించిన ఋషివాక్కు స్ఫురిస్తుంది. "దూరదృశ్యాలు" అన్నప్పుడే, తన దేశంలో ప్రజాస్వామ్యం ఇంకా రావలసియే ఉన్నదన్న విట్మన్ నిజాయితీ నిలుస్తుంది.