మూర నుంచి జానెడు

జయనగర్‌లో మేం యోగా నేర్చుకునే మేడమీద గదిలో గోడవారగా మడత కుర్చీలు, చెక్క దిమ్మలు, నూలు పట్టీలు, దుప్పట్లు పేర్చి ఉంటాయి. మొన్న బావగారు అమ్మను దింపడానికి వచ్చి అవన్నీ చూసి, “కుర్చీలూ పట్టీలూ ఏమిటి? యోగాని తెల్లవాళ్లు కసరత్తు చేసేశారు కదమ్మా!” అన్నారు. పతంజలి ఆసనం గురించి చెప్పింది మూడే సూత్రాలని కూడా గుర్తుచేశారు. అది నిజమే. మొదటి మాట మాత్రం నేను ఒప్పుకోలేను.

ఆసనాన్నీ కసరత్తునూ జతచేసినవాళ్లలో ఇద్దరు మా బెంగళూరులోనే పనిచేశారు. ఒకరు సీతారామన్ సుందరం. 1920ల చివర్లోనే ఆసనాలను శరీర వ్యాయామంగా నేర్పే పుస్తకం ఇంగ్లీషులో రాశారు. రెండోవారు కె.వి. అయ్యర్. కండలు పెంచే వ్యాయామశాల నడుపుతూ, దూరప్రాంతాలవాళ్లకు పోస్టులో పాఠాలు పంపేవారు. బరువులెత్తే కుర్రాళ్ల చేత సూర్య నమస్కారాలు చేయించారు. వాళ్లకంటే ముందే మన వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీమీదికి ఏనుగును ఎక్కించుకుని, ఆ బలం ప్రాణాయామం వల్లే వచ్చిందని చెప్పారు. జతచేసింది మనవాళ్లే కదా!

మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో మహారాజు అండతో తిరుమలై కృష్ణమాచార్య యోగశాల నడిచింది 1930లలో. అక్కడ నేర్చుకున్న ఇంద్రాదేవి 1940ల చివర్లో హాలీవుడ్‌లో యోగా స్టూడియో తెరిచింది. అదే గురువు దగ్గరికి 1934లో ఒక రోగిష్టి పిల్లవాడు వచ్చాడు. గురువు భార్యకు తమ్ముడు. కోలారు జిల్లా బెళ్లూరులో పుట్టి, బెంగళూరులో పెరుగుతూ తొమ్మిదో ఏట తండ్రిని పోగొట్టుకున్న బి.కె.ఎస్. అయ్యంగార్. మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ పడ్డ ఒళ్లు. నిటారుగా నిలబడడమే ఆ పిల్లవాడికి సాధన. అది కసరత్తు కాక మరేమిటి? దాన్ని చిన్నచూపు చూడడం నాకు చేతకాదు.

1952లో బొంబాయిలో వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్, అప్పటికి యోగా గురువైన అయ్యంగార్‌కు అయిదు నిమిషాలే ఇస్తానన్నాడు. అయ్యంగార్ పడుకోబెట్టేసరికి, అలిసిపోయి ఉన్న ఆ మనిషి గంటసేపు నిద్రపోయాడు. తర్వాత అయ్యంగార్‌ను యూరప్‌కు పిలిపించాడు. 1966లో వచ్చిన ‘లైట్ ఆన్ యోగా’కు ముందుమాట కూడా రాశాడు. లండన్‌లో అయ్యంగార్ తరగతులు నిండింది ఆ తర్వాతే. అక్కడివాళ్లకు అందినది మంత్రం కాదు. మడమ ఎక్కడ నొక్కాలి, మోకాలిచిప్పను ఎలా పైకి లాగాలి అన్న పనితనం. బావగారు తప్పుపట్టిన కుర్చీలూ పట్టీలూ కూడా అయ్యంగార్ ఆలోచనే. వంగలేని ముసలివాళ్లకూ జబ్బుపడ్డవాళ్లకూ ఆసనం అందాలని.

అమ్మకు కుడి భుజం పట్టేసి ఏడాది దాటింది. తన జడ తాను వేసుకోలేకపోయేది. గోముఖాసనంలో ఒక చేయి భుజంమీదుగా, రెండోది నడుం వెనకనుంచి పైకి తెచ్చి వీపు మీద కలపాలి. టీచరమ్మ అమ్మకు పట్టీ ఇచ్చారు. పైచేత్తో పట్టీ వేలాడదీస్తుంది, కింది చేత్తో అందుకుంటుంది. మొదటివారం ఆ రెండు చేతుల మధ్య మూరెడు పట్టీ ఉండేది. ఇవాళ పొద్దున కొలిచాను, జానెడు.