ఒక నిద్ర చేసి వెళ్లండి

మంత్రాలయం రోడ్ స్టేషన్‌లో తెల్లవారుజామున రైలు దిగి, ఆటో మాట్లాడుకుని మఠానికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ సాయంత్రం రైలుకే తిరిగి వెళ్లిపోతారు. స్టేషన్ ఉన్నది తుంగభద్ర అనే ఊళ్లో, మఠానికి 16 కిలోమీటర్ల దూరాన. ఏటిలో స్నానం, ముందు గ్రామదేవత మంచాలమ్మకు దండం, తర్వాత రాయరు అని పిలుచుకునే రాఘవేంద్రస్వామి బృందావన దర్శనం, తీర్థం, మధ్యాహ్నం మఠంలో భోజనం, ఇంటికి పరిమళ ప్రసాదం పొట్లాలు. మూడు గంటలకల్లా మళ్లీ ఆటో ఎక్కేస్తారు. దర్శనం బాగా జరిగిందని తృప్తిగా చెబుతారు. నిజంగానే జరిగింది. అయితే చీకటి పడ్డాక దీపాల వెలుగులో ప్రహ్లాదరాయల ఉత్సవమూర్తి రథం మీద ప్రాకారం చుట్టూ తిరిగేది వాళ్లు చూడలేదు. ఇంకా అంగళ్లు తెరవకముందు, తడిబట్టలతో పొర్లుదండాలు పెట్టేవాళ్లు తప్ప ఎవరూ లేని ప్రాకారాన్నీ చూడలేదు. ఈ రెండూ రాత్రి ఇక్కడ పడుకున్నవాళ్లకే దక్కుతాయి.

ఇక్కడే ఉంటున్నందువల్లనేమో, బంధువులకూ స్నేహితులకూ ప్రయాణాల ప్లాన్ వేసిపెట్టే పని నా మీద పడుతూ ఉంటుంది. ఇష్టంగానే చేస్తాను. ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఫలానా ఊరికి ఎన్ని రోజులు సరిపోతాయి? నేను మాత్రం రాత్రుల దగ్గర మొదలుపెడతాను. ఇది నేను కనిపెట్టిన లెక్కేం కాదు. మా వైపు మొక్కుకునేవాళ్లు స్వామి దగ్గర ఒక నిద్ర చేస్తామనో మూడు నిద్రలు చేస్తామనో మొక్కుకుంటారు. కాశీకి పోతే తొమ్మిది రాత్రులు ఉండి రావాలని మన పెద్దవాళ్లు పట్టుబట్టేవాళ్లు. మఠంలో సేవకు వచ్చేవాళ్లు మూడు రోజులనో, వారమనో, మండలమనో ముందే అనుకుని సంచి సర్దుకుని వస్తారు. పగళ్లు లెక్కపెడితే వచ్చిన రోజూ పోయే రోజూ కూడా నిండు రోజుల్లాగే కనబడతాయి. రాత్రులు లెక్కపెడితే అసలు సంగతి తేలిపోతుంది. ఒక రాత్రి ఉంటే చేతికి వచ్చేది ఒక సాయంత్రం, ఒక పొద్దున. రెండు రాత్రులుంటే మధ్యలో ఒక పూర్తి పగలు. మూడుంటే రెండు.

ఈ మధ్య ఆదోనిలో ఉండే మా మామయ్య తన యూరప్ ప్లాన్ నా ముందు పెట్టారు. కొడుకు లండన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అతని దగ్గర కొన్నాళ్లుండి, అక్కడి నుంచి అత్తయ్యతో సహా ముగ్గురూ కలిసి యూరప్ చూసి రావాలని వాళ్ల ఆలోచన. మామయ్య హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. లాంగ్ నోట్‌బుక్కులో స్కేలుతో గళ్లు గీసి, ఎర్ర ఇంకుతో ఊళ్లూ నీలం ఇంకుతో రాత్రులూ రాసుకున్నారు. పారిస్ 2, బ్రసెల్స్ 1, ఆమ్‌స్టర్‌డామ్ 1, లూసర్న్ 1, వెనిస్ 1, ఫ్లోరెన్స్ 1, రోమ్ 2. మొత్తం తొమ్మిది రాత్రులు, ఏడు ఊళ్లు.

"ఇన్ని లక్షలు పెట్టి పోతాండం. మళ్లీ పోతామో లేదో. అన్నీ చూసి రావాల గదరా" అన్నారు.

ఆ మాటలో న్యాయముంది. జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో వెళ్లేవాళ్లను ఊళ్లు తగ్గించుకోమనడం తేలిక కాదు. అందుకే ఊళ్ల పేర్లు పక్కన పెట్టి, ఊరి నుంచి ఊరికి మారే రోజుల్ని తీసుకున్నాం. ఏడు ఊళ్లంటే ఆరుసార్లు మూటాముల్లె సర్దాలి. హోటల్ గది పదీ పదకొండు గంటలకు ఖాళీ చేయమంటారు, అవతలి ఊళ్లో మూడు గంటలకు గానీ గది ఇవ్వరు. పారిస్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు రైలు మూడున్నర గంటల లోపే. కానీ గది తలుపు నుంచి గది తలుపు దాకా లెక్కేస్తే పగటిలో మంచి భాగం అయిపోతుంది. మార్పుకు సగం రోజు చొప్పున వేసుకున్నా ఆరు మార్పులకు మూడు పగళ్లు పోతాయి. వెనిస్‌లో బండ్లు తిరగవు. కాలువల మీది వంతెనలకు మెట్లుంటాయి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ఆ మెట్లెక్కి దిగాలి, పెట్టెలు మామయ్యా కొడుకూ మోయాలి, అదీ ఒక్క రాత్రి కోసం!

వంట సంగతీ ఉంది. అత్తయ్య ఉల్లి, వెల్లుల్లి తినరు. ఇలాంటివాళ్లకు వంటగది ఉన్న గది తీసుకుని రైస్ కుక్కర్ పెట్టుకుంటేనే ప్రయాణం సుఖంగా సాగుతుంది. బియ్యం, పెరుగు, కూరగాయలు కొని తెచ్చుకుంటే కనీసం రెండు మూడు రోజులు అక్కడ ఉండాలి కదా. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ దగ్గర లా షాపెల్ అనే పేట ఉంది. శ్రీలంక తమిళుల అంగళ్లు, దోసెలు దొరికే హోటళ్లు అక్కడ చాలా ఉన్నాయి. లండన్ నుంచి వచ్చే రైలు ఆగేదీ ఆ స్టేషన్‌లోనే. బస అటువైపు చూసుకుంటే కూరగాయల కోసం ఊరంతా తిరగక్కర్లేదు.

మామయ్యను ఆలోచనలో పడేసింది మాత్రం వీసా నియమం. యూరప్‌లో షెంగెన్ ఒప్పందంలో ఉన్న దేశాలన్నింటికీ ఒకటే వీసా. 180 రోజుల్లో 90 రోజులు మించకుండా ఉండొచ్చు. అయితే ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోవాలి. రెండు దేశాల్లో సమానంగా ఉంటే మొదట అడుగుపెట్టే దేశానికి. మామయ్య మొదటి ప్లాన్‌లో ఇటలీకి నాలుగు రాత్రులు, ఫ్రాన్స్‌కు రెండే. అంటే దిగేది పారిస్‌లోనైనా కాగితాలు ఇటలీకి ఇవ్వాలి. రాత్రులు మారిస్తే దరఖాస్తు పెట్టే దేశమే మారిపోతుంది. కాబట్టి నోట్‌బుక్కులో నీలం అంకెలు తేలాకే హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. చాలామంది ముందు ఏ తేదీ దొరికితే ఆ తేదీ పట్టుకుని, తర్వాత ప్లాన్‌ను దానికి ఇరికిస్తున్నారు. అది తలకిందుల పని.

ఇక వారాల సంగతి. మంత్రాలయానికి గురువారం వస్తే ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఏకాదశి నాడు వస్తే మాధ్వులకు ఉపవాసం, మఠం భోజనం మీద ఆశ పెట్టుకోకూడదు. ఇది తెలిసినవాళ్లు పంచాంగం చూసి రైలు టికెట్ తీసుకుంటారు. యూరప్ ఊళ్లకూ అలాంటి పంచాంగం ఉంది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియానికి మంగళవారం సెలవు, ఓర్సే మ్యూజియానికి సోమవారం. వాటికన్ మ్యూజియం నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటుంది. సోమవారం సాయంత్రం పారిస్‌లో దిగి బుధవారం పొద్దున్నే రైలెక్కేవాడికి రెండు రాత్రులు ఉండి కూడా లూవ్ర్ దక్కదు. అందుకే ప్రతి ఊరి పక్కన రాత్రుల సంఖ్యతోపాటు వారం పేరు కూడా రాయమంటాను.

కొండ ఊరికి ఒక రాత్రి ఎక్కువ వేసుకోవాలి. లూసర్న్‌కు వెళ్లేది మంచుకొండల కోసం. మబ్బు కమ్మిన రోజు పైకెక్కితే తెల్లటి పొగ తప్ప ఏమీ కనబడదు, టికెట్ డబ్బులు తిరిగి రావు. ఒక్క రాత్రే ఉంటే ఆ రోజు ఏ వాతావరణం ఉంటే దానితోనే సరిపెట్టుకోవాలి. రెండు రాత్రులుంటే మరో పొద్దుకు అవకాశం ఉంటుంది. కాలాన్ని బట్టి పగలు కూడా మారుతుంది. జూన్‌లో పారిస్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది, డిసెంబరులో ఐదు కొట్టేసరికి చీకటి. జూన్‌లో మూడు రాత్రులకు వచ్చేది డిసెంబరులో నాలుగున్నా రాదు.

చివరికి తేలింది ఇది: పారిస్ 4, లూసర్న్ 2, రోమ్ 3. అవే తొమ్మిది రాత్రులు, మారేది రెండుసార్లు. లూసర్న్ నుంచి మిలాన్ మీదుగా రోమ్‌కు దాదాపు ఒక పగలంతా రైల్లోనే. అయినా ఆల్ప్స్ కొండల కింద 57 కిలోమీటర్ల గొట్హార్డ్ సొరంగంలోంచి పోయే ప్రయాణం కాబట్టి ఆ పగలు పోయిందనుకోవక్కర్లేదు. ఫ్లోరెన్స్ మీద అంత మనసుంటే రోమ్ నుంచి గంటన్నర రైలు. పెట్టెలు గదిలోనే ఉంచి పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. వెనిస్‌ను కొట్టేయడానికి మామయ్యకు చేతులాడలేదు. అత్తయ్యే పెన్ను తీసుకుని కొట్టేశారు. దరఖాస్తు ఇప్పుడు ఫ్రాన్స్‌కు పెడుతున్నారు.

అక్కడి నుంచి ఇక్కడికి వచ్చినవాళ్ల సంగతీ చెప్పాలి. 1652లో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి గండికోటకు వచ్చాడు. గోల్కొండ సుల్తానుకు అమ్మదలచిన సరుకును ముందు ఆయన వజీరు మీర్ జుమ్లాకు చూపించాలి, ఆయనేమో గండికోటలో ఉన్నాడు. బేరం తేలేదాకా తావెర్నియే అక్కడే ఉండాల్సి వచ్చింది. అలా ఉన్నందువల్లే మీర్ జుమ్లా పని చేసే తీరు ఆయన కంటపడింది. కాలి వేళ్ల మధ్య కొన్ని ఉత్తరాలు, ఎడమచేతి వేళ్ల మధ్య కొన్ని ఉత్తరాలు ఇరికించుకుని, ఒక్కొక్కటి తీసి జవాబు చెప్పి రాయించేవాడట. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాడికి ఇలాంటివి కనబడవు.

మనవాళ్లలో ఏనుగుల వీరాస్వామయ్య గారున్నారు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసి, 1830 మే 18న కాశీకి బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. కడప, అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగానే వెళ్లారు. తన కాశీయాత్ర చరిత్ర అనే పుస్తకంలో మజిలీ మజిలీకీ దిగడానికి చోటుందా, నీళ్లెలా ఉన్నాయి, సామాన్లు దొరుకుతాయా అని రాసుకుంటూ పోయారు. అంత పరివారాన్ని వెంటబెట్టుకుని ఎండలో, వానలో ప్రయాణం చేసిన మనిషి ఎక్కడ ఆగాలో నీళ్లను, నీడను బట్టి నిర్ణయించుకున్నారు. మా సీమలో ప్రయాణం చేసేవాడికి ఈనాటికీ అంతకన్నా మంచి పద్ధతి నాకు కనబడలేదు. మే నెలలో కర్నూలు ఎండకు పదకొండు నుంచి నాలుగు దాకా బయట తిరగలేం. అంటే ఆ నెలలో పగలంటే పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపే. అప్పుడు వచ్చేవాళ్లు అనుకున్న రాత్రులకు ఇంకొకటి కలుపుకోవాలి, లేదా ఒక ఊరు తీసేయాలి.

హైదరాబాద్ నుంచీ బెంగళూరు నుంచీ వచ్చే మిత్రులు శని ఆదివారాల్లో మంత్రాలయం, యాగంటి, బేలుం, గండికోట, అహోబిలం, మహానంది, శ్రీశైలం అన్నీ చుట్టేద్దామంటారు. చూస్తే బాధేస్తుంది. మామయ్య ఏడు ఊళ్ల పట్టికే ఇది కూడా. ఈ ఊళ్లన్నీ ఒకే తీరువి కావు. బేలుం గుహల్లో 3,229 మీటర్ల పొడవు కొలిచారు, మనల్ని తిరగనిచ్చేది అందులో దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. లోపల ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది. ఒక పూట చాలు, పొద్దుటి పూటైతే మంచిది. యాగంటికి కొన్ని గంటలు చాలు. మహానందికీ అంతే, కోనేటి నీళ్లలోకి దిగితే లేవబుద్ధి కాదు గానీ.

గండికోటకు మాత్రం రాత్రి కావాలి. మధ్యాహ్నం ఎండలో పెన్నా లోయ అంచున నిలబడితే రాళ్లన్నీ పాలిపోయి కళ్లు చికిలించాల్సి వస్తుంది. పొద్దువాలే వేళ ఆ రాతి పొరలు ఎర్రబారుతాయి, కింద ఏటి మీదుగా నీడ లోయంతా పాకుతుంది. మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం తెల్లారి చల్లపూట చూసుకోవచ్చు. అహోబిలానికి రెండు నిద్రలు. నవ నారసింహ క్షేత్రాల్లో కొన్ని ఎగువన, నల్లమల అడవిలో, భవనాశి వాగు దాటి రాళ్ల మీద నడిచి వెళ్లాల్సినవి. ఒక్క పగట్లో తొమ్మిదీ ముగించాలనుకునేవాళ్లు దర్శనం కన్నా ఎక్కువగా గడియారం చూస్తారు. శ్రీశైలానికి అయితే అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేట్లు మూసేస్తారు. ఆలస్యమైతే గేటు దగ్గర బండిలోనే తెల్లవారుతుంది.

కొన్ని ఊళ్లకు తేదీ ముఖ్యం. ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం రాత్రిపూట, పండువెన్నెల్లో జరుగుతుంది. దేవుని కడపకు ఉగాది నాడు ముస్లింలు కూడా వచ్చి వేంకటేశ్వరునికి మొక్కుకుంటారు. మరో రోజు వెళితే గుడి ఉంటుంది, ఆ దృశ్యం ఉండదు. మంత్రాలయం ఏట్లో వేసవిలో బండరాళ్లే కనబడతాయి, వానాకాలంలో ఎగువ నుంచి నీళ్లు వదిలాక నిండుగా పారుతుంది. శ్రావణంలో రాయరు ఆరాధన రోజుల్లో రావాలంటే గది ముందే దొరకబుచ్చుకోవాలి.

చేతిలో రెండే రోజులుంటే బేలుం, గండికోట చూసి వెళ్లండి. మంత్రాలయానికి వస్తే ఒక నిద్ర చేయండి. ఏరు దాటి పంచముఖి ఆంజనేయుణ్ణి, బిచ్చాలి ఊరిని కూడా చూడాలంటే రెండు నిద్రలు. అహోబిలాన్ని మూడు రోజుల సెలవు దొరికేదాకా ఆపుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ ఎండ బాధ ఉండదు.