అబ్రకానికీ ఒక రోజు కావాలి

డిసెంబర్ 23 వచ్చిందంటే కొత్తగూడెం, ఇల్లెందు, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, భూపాలపల్లి, ఇలా గనుల ఊళ్లన్నిటిలో సింగరేణి జెండా ఎగురుతుంది. 1920లో అదే తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ నమోదైంది. కాగితాల మీద అది ఆవిర్భావ దినోత్సవం, అక్కడి జనానికి సింగరేణి డే. కనిగిరి రిజర్వాయరు నీళ్లతో వరి పండించుకునే మా బుచ్చిరెడ్డిపాలెంలో కూర్చుని ఎక్కడో ఉన్న బొగ్గు బాయిల వేడుక గురించి రాయడానికి కారణం మన నెల్లూరు సీమలోనే ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ వేడుక సంగతి. మా మేనత్త కొడుకు కొత్తగూడెం అల్లుడు. వాళ్ల మామగారు సింగరేణి బాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. ఆ బంధుత్వంతో ఒక డిసెంబర్‌లో అక్కడికి వెళ్లాను. వేదిక, పూలదండలు, ఉపన్యాసాలు ఉంటాయనుకున్నాను, ఉన్నాయి. ఉత్తమ కార్మికులను పేరు పెట్టి పిలిచి, కుటుంబంతో సహా వేదిక ఎక్కించి శాలువా కప్పారు. అయితే జనం వేదిక ముందు కంటే స్టాళ్ల దగ్గరే ఎక్కువ ఉన్నారు. ఒకచోట రెస్క్యూ దళం వాళ్లు ఆక్సిజన్ యంత్రాలు వీపుకు కట్టుకుని, విషవాయువు నిండిన గనిలోకి ఎలా దిగుతారో చూపిస్తున్నారు. ఇంకోచోట భూగర్భ గని నమూనా. ఆడవాళ్లు పెట్టిన తినుబండారాల స్టాళ్ల దగ్గర సకినాలు వేగుతున్నాయి. చీకటి పడ్డాక పాటలు, ఆటలు.

నన్ను అందరికంటే ఎక్కువసేపు నిలబెట్టింది ఆ గని నమూనా. దాని ముందు పిల్లలు గుమిగూడారు. మామగారు వాళ్ల మధ్యలోకి వెళ్లి, అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు. బొగ్గు మొత్తం తవ్వేయరు. మధ్యమధ్య స్తంభాల్లా వదిలేసి, చుట్టూ దారులు తీస్తారు. ఆ స్తంభాలే పైనున్న నేలను మోస్తాయి. పని మొదలుపెట్టే ముందు పైకప్పును కర్రతో తట్టి చూడాలి.

“గట్టి రాయయితే గణగణమంటది. పొర విడిచిందంటే డొల్ల సప్పుడొస్తది. ఆ సప్పుడు చెవిల పడ్డంక ఇగ ఆలోచన లేదు బిడ్డా, ముందుగాల పక్కనున్న మనిషిని గుంజాలె.”

కప్పు కింద నిలబెట్టే దుంగల గురించి కూడా చెప్పారు. కట్టె దుంగ విరిగే ముందు చిటపటలాడి హెచ్చరిస్తుంది, ఇనుప స్తంభానికి ఆ గుణం లేదు. అందుకే పాతకాలపు పనివాళ్లు కట్టెను నమ్మేవాళ్లు. క్యాప్ ల్యాంపుల సంగతి నాకు అక్కడే తెలిసింది. దిగేవాడు ల్యాంప్ రూములో తన టోకెన్ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి టోకెన్ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక కూడా టోకెన్ కొక్కేనికి వేలాడుతూ ఉంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. బాయి పనిలో ప్రాణానికి లెక్క అక్కడుంటుంది.

ఈ చదువు ఏ బడిలోనూ చెప్పరు. పని నేర్పిన వాడి వెంట నడిచి, వాడు ఆగిన చోట ఆగి నేర్చుకునేది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులుండేవారు. ఇప్పుడు సుమారు 40 వేలు. బొగ్గులో ఎక్కువ భాగం ఓపెన్‌కాస్టుల నుంచి వస్తోంది, అక్కడ భారీ యంత్రాలు పైనుంచి మట్టి ఎత్తి పోస్తాయి. పైకప్పే లేని గనిలో పైకప్పు తట్టి చూసే చెవి ఎవరికి కావాలి? ఆ చెవి ఉన్న తరం రిటైరై, మోకాళ్ల నొప్పులతో, దగ్గుతో ఇళ్లలో ఉంది. ఏడాదికొక్క రోజు ఆ తరం మైదానానికి వచ్చి, పిల్లల ముందు నిలబడి చెప్పే అవకాశం ఈ వేడుక ఇస్తోంది. దానికున్న విలువ, నా దృష్టిలో, ఉపన్యాసాలన్నిటి కంటే పెద్దది.

సింగరేణి కథ కంపెనీతో మొదలవలేదు. భద్రాచలం వెళ్లే యాత్రికులు దారిలో పొయ్యి పెట్టుకుంటే, పొయ్యిరాళ్లుగా పెట్టిన నల్లరాళ్లే అంటుకున్నాయని ఇల్లెందు వైపు చెప్పుకుంటారు. ఆ ఊరికి బొగ్గుట్ట అనే పేరు ఇప్పటికీ ఉంది. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడ బొగ్గు ఉందని తేల్చాడు. 1886లో ఇంగ్లండులో పుట్టిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వుకునే హక్కులు తీసుకుంది. 1889 నుంచి బొగ్గు తీశారు. ఇప్పుడు సంస్థలో తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా.

అదే 1871లో, ప్రపంచానికి ఆ చివర, ఇంగ్లండులోని డరమ్ పట్టణంలో బొగ్గు గని కార్మికులు మొదటిసారి తమ సంఘం పేరుతో బహిరంగ సభ పెట్టుకున్నారు. డరమ్ మైనర్స్ గాలా అంటారు దాన్ని. గనుల వాళ్ల మాటల్లో అది ‘పెద్ద సభ’. ఏటా జులై రెండో శనివారం ప్రతి గని ఊరి వాళ్లు తమ బ్యాండు మేళంతో, తమ పెద్ద పట్టు జెండాతో పట్టణంలోకి ఊరేగింపుగా వస్తారు. ఆ జెండాల మీద నాయకుల ముఖాలు, గని బొమ్మలు, తాము నమ్మిన మాటలు చిత్రించి ఉంటాయి. మధ్యాహ్నం కొన్ని జెండాలను డరమ్ పెద్ద చర్చిలోకి తీసుకుపోయి ఆశీర్వాదం తీసుకుంటారు. ఆ ఏడాది ఏ గనిలోనైనా మనిషి చనిపోతే, ఆ గని జెండాకు నల్లబట్ట చుట్టి ఊరేగించేవారు. చూసేవాళ్లకు ఎవరూ వివరం చెప్పక్కర్లేదు.

డరమ్ బొగ్గు ప్రాంతంలో చివరి లోతు గని 1993 డిసెంబర్‌లో మూతపడింది. అయినా సభ ఆగలేదు. గనులున్న రోజుల్లో తాతలు మోసిన జెండాలను మనవళ్లు, మనవరాళ్లు మోస్తున్నారు. చిరిగిపోయిన జెండాలను చందాలు వేసుకుని మళ్లీ చేయించుకుంటున్నారు. గని ఉంటేనే గని పండుగ ఉంటుందనుకునే వాళ్లకు ఇంతకంటే గట్టి జవాబు నాకు తెలియదు.

ఆ నల్లబట్ట ఆచారం మన దగ్గరా కావాలని నా కోరిక. సింగరేణికీ తన మృతులున్నారు. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది ప్రాణాలు పోయాయి. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏ గనిలో పైకప్పు కూలి ఇంకో పది మంది పోయారు. దేశంలో ఇంతకంటే పెద్ద ఘోరాలూ జరిగాయి. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలా గనిలో నీట మునిగి చనిపోయినవారు 370కి పైనే. ఎన్ని టన్నుల బొగ్గు తీశామో ఎంత గొంతెత్తి చదువుతామో, ఆ మనుషుల పేర్లూ అంతే గొంతెత్తి ఒక్కొక్కటిగా చదవాలి. ఊరూరా, గని గనికీ.

ఇంకొక మాట ఆడవాళ్ల గురించి. 1952 నాటి గనుల చట్టం ఆడవాళ్లు భూగర్భ గనిలో పనిచేయకూడదంది. 2019లో కేంద్రం షరతులతో ఆ పనికి అనుమతి ఇచ్చింది. మధ్యలో గడిచిన అరవై ఏళ్లకు పైగా కాలంలో ఆడవాళ్లు బాయి బయటనే ఉన్నారు. తెల్లవారుజాము షిఫ్టుకు అన్నం గిన్నె కట్టిచ్చింది వాళ్లు. షిఫ్టు దాటి గంట అయినా మనిషి రాకపోతే వీధి చివర నిలబడింది వాళ్లు. సింగరేణి డే నాడు ఆ స్టాళ్ల దగ్గర ఉన్న పెద్దావిడల నుంచి కూడా గని చరిత్ర వినవచ్చు. అడిగేవాళ్లు కావాలి, అంతే.

తిరిగి వచ్చే ముందు మామగారు నన్నొక ప్రశ్న అడిగారు. “మీ దిక్కు బాయిలు లేవా?” ఉండేవి మామా, బొగ్గువి కాదు, అబ్రకానివి, అన్నాను. “మరి వాళ్లు ఎన్నడు కలుస్తరు?” అన్నారు. ఆ రెండో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం రాయిస్తున్నది ఆ ప్రశ్నే.

గూడూరు, రాపూరు, ఆత్మకూరు, కావలి మీదుగా పోయే నేల కింద అబ్రకం, అంటే మైకా, ఉంది. కలిచేడు, తలుపూరు, సైదాపురం, చాగణం, ఊటుకూరు పేర్లు ఒకనాడు లండన్ వర్తకులకు తెలిసిన పేర్లు. లేత ఆకుపచ్చ ఛాయ ఉండే నెల్లూరు మైకాకు విదేశాల్లో ప్రత్యేక గిరాకీ. ఇనికుర్తి గనిలో మనిషి ఎత్తుకు మించిన అబ్రకపు దిమ్మలు బయటపడ్డాయని భూగర్భ శాస్త్ర గ్రంథాలు నమోదు చేశాయి. కరెంటును ఆపి, వేడిని తట్టుకునే గుణం దానిది. మోటార్లలో, రేడియో వాల్వుల్లో, ఇస్త్రీపెట్టెల లోపలి పలకల్లో వాడారు. రెండో ప్రపంచ యుద్ధంలో మైకా లేకపోతే రేడియోలు, విమానాలు నడిచేవి కావు. తర్వాత చిన్నరేకులను అతికించి పలకలు చేయడం పెరిగింది, వాల్వుల బదులు ట్రాన్సిస్టర్లు వచ్చాయి, గనులు ఒకదాని వెనుక ఒకటి నీళ్లు నిండి ఆగిపోయాయి. ఇప్పుడు సైదాపురం చుట్టుపక్కల తవ్వుతున్నది ఎక్కువగా క్వార్ట్జ్ కోసం.

మా అమ్మమ్మ చెల్లెలు, చిన్నమ్మమ్మ, పెళ్లికి ముందు మైకా షెడ్డులో కూలికి వెళ్లింది. గనిలోంచి వచ్చిన దిమ్మను కత్తితో చీలిస్తే ఉల్లిపొరల్లా రేకులు విడివడేవట. పగులు ఉన్న భాగం, మచ్చ ఉన్న భాగం కత్తెరతో తీసేసి, సైజుల వారీగా దొంతులు పేర్చాలి. వేలి కొస మీద రేకు నిలబెట్టి వెలుతురుకు పట్టి చూసి, ఎక్కడ చీల్చాలో నిర్ణయించేది. ముసలితనంలో చూపు తగ్గాక కూడా, ఏదైనా పలచటి కాగితం చేతికిస్తే బొటనవేలితో అంచు తడిమి చూసేది. “రేకు చెడగొడితే కూలి కోసేస్తారబ్బయా” అనేది. ఆమె చెప్పిన దాంట్లో నాకు గుర్తున్నది ఇంతే. గని పేరు అడగలేదు, ఎవరి షెడ్డో అడగలేదు. ఆమె లేదు. ఈ జిల్లాలో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉంటాయి.

గనిలో దిగిన మగవాళ్లది ఇంకా కష్టమైన బతుకు. అబ్రకం తెల్లరాయి మధ్యలో ఉంటుంది. ఆ రాయికి రంధ్రం వేసి, మందు పెట్టి పేల్చినప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది. మైకా కార్మికుల సంక్షేమం కోసం 1946లోనే దేశంలో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ నిధితో కలిచేడులో ఆసుపత్రి నడిచింది. చట్టం చేయాల్సి వచ్చేంత మంది, ఆసుపత్రి కట్టాల్సి వచ్చేంత జబ్బు ఇక్కడ ఉండేవన్నమాట. అంతటి పనికి మన క్యాలెండరులో ఒక్క రోజు లేదు. నాకు తెలిసినంతలో ఒక స్తూపమూ లేదు.

జనాన్ని కూడగట్టడం మనకు చేతకాని పనేం కాదు. నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారా షహీద్ దర్గా ఉంది. పన్నెండు మంది అమరుల సమాధుల దగ్గర మొహర్రం రోజుల్లో మతం, కులం చూడకుండా లక్షల మంది చేరి, చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. మా బుచ్చిలో కోదండరామస్వామి రథానికి తాడు పట్టుకోవడానికి ఉద్యోగాలకు వెళ్లిన పిల్లలు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మృతులను తలుచుకోవడం, ఒక రోజు కోసం ఊరంతా కదలడం ఈ నేలకు బాగా తెలుసు. మైకా కార్మికుల విషయంలో మనం ఆ పని చేయలేదు.

కలిచేడులోనో సైదాపురంలోనో ఏడాదికొక రోజు మైకా సభ పెట్టుకోవాలి. పంచాయతీలు, కార్మిక సంఘాలు, గూడూరు ప్రాంత కాలేజీల చరిత్ర, భూగర్భ శాస్త్ర అధ్యాపకులు కలిస్తే చాలు. వేదిక పెద్దది అక్కర్లేదు. చీల్చే కత్తి, కత్తెర, పాత కూలి చీటీలు, ఒక అబ్రకపు దిమ్మ బల్ల మీద పెట్టాలి. పని తెలిసిన ముసలివాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి, పిల్లల ముందు రేకు చీల్చి చూపించమనాలి. గనుల్లో, దుమ్ము జబ్బుతో చనిపోయిన వాళ్ల పేర్లు చదవాలి.

పేర్లు చదవాలంటే ముందు పేర్లు ఉండాలి. మీ ఇంట్లో, మీ వీధిలో మైకా గనిలోనో షెడ్డులోనో పనిచేసిన వాళ్లు ఇంకా ఉంటే ఈ వారమే వాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్ల పేరు, గని పేరు, చేసిన పని, ఏ ఏళ్లలో చేశారో, తోడు పనిచేసిన వాళ్లెవరో ఒక నోటుబుక్కులో రాయండి. ఫోనులో వాళ్ల గొంతు రికార్డు చేయండి. ఎనభై దాటిన వాళ్లతో మొదలుపెట్టండి.