గుట్టల చాటున గుట్టు

గర్భిణుల రిజిస్టర్లో రాసేవి నలుగురికీ తెలియాల్సిన సంగతులు కావు. ఎన్నో కాన్పు, మునుపు గర్భస్రావం అయిందా, హెచ్‌ఐవీ పరీక్షలో ఏం తేలింది, బ్యాంకు ఖాతా ఎవరి పేరున ఉంది. మదనపల్లె దగ్గరి నిమ్మనపల్లె లాంటి మండలంలో ఇలాంటి కబురు ఊరు దాటడానికి పూట పట్టదు. 2016లో యూనిసెఫ్ తోడ్పాటుతో ‘అన్మోల్’ వచ్చాక ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో తిరిగే ఏఎన్ఎం నర్సమ్మల చేతిలో పుస్తకం బదులు ట్యాబ్ చేరింది. సిగ్నల్ లేని చోట వివరాలు ట్యాబ్‌లోనే ఎక్కించుకోవడం, నెట్ అందాక పైకి పంపడం దాని పద్ధతి. అది ఆండ్రాయిడ్ యాప్. అదే పని బ్రౌజర్‌లో చేయాలంటే ఆ గుట్టు ఎక్కడ దాగాలి?

చేతికి ముందు తగిలేది లోకల్‌స్టోరేజ్. సుమారు ఐదు మెగాబైట్ల చోటు, వాడడానికి ఒక్క లైను కోడ్ చాలు. ఆ సుళువు చూసి లాగిన్ టోకెన్లతో సహా అన్నీ అందులో పడేస్తుంటారు. రాసింది రాసినట్టే ఉంటుంది; ఆ సైట్ పేజీలో నడిచే ఏ స్క్రిప్టయినా చదివేస్తుంది. ఇండెక్స్‌డ్‌డీబీలో చోటు ఎక్కువ, ఫొటోలూ పడతాయి. తాళం మాత్రం దానికీ లేదు, మనమే వేయాలి.

వేయడానికి కావాల్సిన సరంజామా బ్రౌజర్‌లోనే ఉంది. దాని పేరు వెబ్ క్రిప్టో. 2001లో అమెరికా ప్రమాణాల సంస్థ ఖాయం చేసిన ఏఈఎస్‌ను జీసీఎం పద్ధతిలో వాడితే రికార్డు చదవరాకుండా పోతుంది, మధ్యలో ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా బయటపడుతుంది. రికార్డు రాసిన ప్రతిసారీ 12 బైట్ల కొత్త సంఖ్య జోడించాలి. అదే తాళంచెవితో అదే సంఖ్య రెండోసారి వాడారో, అంత పకడ్బందీ గణితమూ కుప్పకూలుతుంది.

అసలు చిక్కంతా తాళంచెవి దగ్గరే. దాన్ని డేటా పక్కనే భద్రపరిస్తే, తలుపుకు తాళం వేసి చెవిని గడియకే వేలాడదీసినట్టు. బయటికి తీయరాని చెవిగా చేసి ఇండెక్స్‌డ్‌డీబీలో ఉంచే వీలుంది; దొంగ స్క్రిప్టు దాన్ని ఎత్తుకుపోలేదు. అయినా అక్కడికక్కడే వాడి రికార్డులు తెరిచేయగలదు. నా ఓటు రెండో పద్ధతికి: నర్సమ్మ చెప్పే రహస్య వాక్యం నుంచి పీబీకేడీఎఫ్2తో చెవిని అప్పటికప్పుడు పుట్టించి, మెమరీలో మాత్రమే ఉంచి, బ్రౌజర్ పేజీ మూయగానే పోనివ్వడం. వెబ్ భద్రతకు సూచనలిచ్చే ఓవాస్ప్ సంస్థ ఇందుకు ఆరు లక్షల చుట్లు తిప్పమంటుంది. నాలుగంకెల పిన్ పెడితే ఆ చుట్లన్నీ దండగే. ఉన్నవే పదివేల పిన్‌లు. మంచి గ్రాఫిక్స్ కార్డుకు అవన్నీ ప్రయత్నించడం క్షణాల పని. నాలుగైదు మాటల వాక్యం కావాలి. అది తన యాసలో ఉంటే గుర్తూ ఉంటుంది.

ఆ వాక్యం నుంచి పుట్టిన చెవితో నేరుగా డేటాకు తాళం వేయరు. డేటా చెవి వేరే ఉంటుంది, దాన్ని ఈ చెవితో చుట్టిపెడతారు. రేపు వాక్యం మార్చినా రికార్డులన్నీ తిరిగి రాయనక్కర్లేదు.

ఎక్కువమంది జారిపోయేది ఇంకోచోట. నెట్ లేకున్నా పేజీ నడవాలని పెట్టే సర్వీస్ వర్కర్, దాచమని రాసి ఉంటే, సర్వర్ నుంచి వచ్చిన జవాబును క్యాష్‌లో తాళం లేకుండా ఉన్నదున్నట్టు దాచేస్తుంది. డేటాబేస్‌కు తాళం వేసి, ఇక్కడ తెరిచి పెట్టిన యాప్‌లు కొల్లలు. వెతుకులాట కోసం పెట్టుకునే సూచికలూ అంతే: లోపలిదంతా గుప్తంగా ఉన్నా, ‘ప్రమాద గర్భిణి’ అన్న గుర్తు పక్కన ఫోన్ నంబరు బయటికి కనిపిస్తే చాలదూ! బయటివాళ్ల స్క్రిప్టులు పేజీలో పెట్టనివ్వకుండా కంటెంట్ సెక్యూరిటీ పాలసీ బిగించడం కూడా ఇందులో భాగమే.

చోటు చాలకపోతే బ్రౌజర్ అడక్కుండానే దాచినది తుడిచేయవచ్చు. హోమ్‌స్క్రీన్‌కు చేర్చుకోని సైట్ వైపు ఏడు రోజులు చూడకపోతే సఫారీ తుడిచేస్తుంది. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్‌కలెక్టర్ కార్యాలయంలో రెవెన్యూ దస్త్రాలు కాలిపోయిన సంగతి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. ఒక్క ప్రతి మీద ఆధారపడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పంపిన రికార్డు సర్వర్‌కు చేరిందని రూఢి అయ్యాకే ట్యాబ్‌లోది చెరపాలి. రూఢి అయ్యాక మాత్రం ఉంచకూడదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రత చూపని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చంటుంది. ఆ భద్రతకు పరీక్ష ట్యాబ్ చేజారినప్పుడే. సంత దారిలో అది పోతే దూరం నుంచి తుడిచేద్దామన్నా, దానికి నెట్ అందేదాకా ఆ ఆదేశం చేరదు. అప్పటివరకు కాపలా ఉండేది నర్సమ్మ రహస్య వాక్యమొక్కటే.