దిడ్డి దగ్గర ఆగండి

దొరల కోటలాంటి ఇల్లు, అంటే గడి, చూడటానికి వెళ్లినవాళ్లు ఎక్కువగా లోపలి టేకు స్తంభాలు, చెక్కడాలు చూసి వచ్చేస్తారు. నేను దర్వాజ దగ్గరే ఆగిపోతాను. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో మిగిలిన గడీలు ఎవరికోసం కట్టారో, ఎవరిమీద కట్టారో అక్కడే తెలుస్తుంది.

పెద్ద దర్వాజకు రెండు టేకు రెక్కలు, బయట ఇనుప బొడిపెలు. రెక్క కింది మొన రాతి గుంటలో తిరుగుతుంది. లోపల అడ్డంగా వేసే దుంగను తీస్తే గోడ మందంలోకే జారిపోతుంది. బండి వస్తేనో, దొర బయల్దేరితేనో ఈ రెక్కలు తెరిచేవారు. మిగతా వేళల్లో ఒక రెక్కలోనే కోసిన దిడ్డి తలుపే దారి. కింద ఎత్తైన గడప, పైన పొట్టి చట్రం. కాలెత్తి, తల వంచి, ఒక్కొక్కరే దూరాలి. కోటల్లో శత్రువును ఆపడానికి పుట్టిన ఏర్పాటది. ఊరి నడుమ గడిలో అది వంచింది పాలేర్లనూ, వెట్టికి వచ్చినవాళ్లనూ.

దాటగానే ఇరుపక్కలా అరుగులు, ఓ మూల కావలివాడి గది. కూర్చోమన్నవాళ్లకు అరుగు, మిగతావాళ్లు పిలుపు వచ్చేదాకా నిలబడాల్సిందే. గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడిచిన కాలమది. వెట్టి, బంజర్లు, కూలి రేట్ల మీద 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర కదిలింది. మరుసటి నెలలోనే సర్కారు జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తర్వాత దొరలు పట్నం బాట పట్టారు. చాలా దర్వాజలకు తాళాలు పడ్డాయి.

అలాంటి పాత కట్టడాల్లో కొన్నిటికి మరమ్మతులూ జరిగాయి. కామారెడ్డి వైపు దోమకొండ కోటను బాగుచేసినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. చూసి సంతోషించాను. పాత గోడకు మళ్లీ డంగు సున్నమే కావాలి. సున్నం, ఇసుక కలిపి రాతి చక్రం కింద నలిపి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు పోసి మాగబెడతారు. అది గోడలోని చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు వదలదు, లోపలి ఇటుక మెత్తబడి, పెళ్లలు రాలతాయి.

అయితే బాగుచేసేటప్పుడు మొదట పోయేవి కావలి గది, దిడ్డి, అరుగులే. కారు పోవాలని గడప కొట్టేస్తారు, గదిని స్టోర్‌రూమ్ చేస్తారు. ఇది నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఏ గడికి మరమ్మతు మొదలైనా ముందు దిడ్డి ఎత్తు, గడప ఎత్తు, అరుగు పొడవు కొలిచి రాసుకోవాలి. ఆ అరుగు కింద నిలబడ్డ ముసలివాళ్లు ఊళ్లో ఉంటే వాళ్లను పిలిచి, ఎవరు ఎక్కడ నిలబడేవారో అడిగి ఆ కొలతల పక్కనే రాయాలి.