ఎర్రసిరా

ఏటేట ఏప్రిల్ మాసమున, జిల్లా కేంద్రమందలి ఏదో యొక బడిలో, తిరుగుచున్నదో లేదో తెలియని పంకా క్రింద కూర్చుండి, పదవ తరగతి గణిత పత్రములను ఎర్రసిరాతో దిద్దుచు నేను గడపిన దినములను కూడి చూచినచో, అవి నా ఉద్యోగ జీవితమున ఇంచుమించు ఒక సంవత్సరమునకు సరితూగును. నూటికి 35 వచ్చినవాడు ఉత్తీర్ణుడు, 34 వచ్చినవాడు కాడు. ఆ యొక్క మార్కునకు ఇటునటు నిలిచిన బాలుర జ్ఞానమున భేదమేమియు లేదని దిద్దువానికిని తెలియును, దిద్దించువారికిని తెలియును.

ఈ తగవే అమెరికాలో అర్ధశతాబ్దిగా నడచుచున్నది. మసాచుసెట్స్ రాష్ట్రమున స్థిరపడిన మా అమ్మాయి, తన కుమారుడు హైస్కూలునకు వచ్చినది మొదలు, ఎమ్‌కాస్ అను పరీక్షను గూర్చి ఫోనులో చెప్పుచుండెడిది. 1993 నాటి విద్యాసంస్కరణ చట్టమునుండి పుట్టిన ఆ పరీక్షలో ఆంగ్లము, గణితము గట్టెక్కనిదే 2003 మొదలుకొని అచ్చటి ప్రభుత్వ పాఠశాలలలో డిప్లొమా లేదు. విజ్ఞానశాస్త్రము పిదప చేరినది. తొలినాళ్ళలో దాని కొలత 200తో ఆరంభమై 280తో ముగిసెడిది. సున్న యనునదియే లేని కొలత! ఇట్టి ఔదార్యమును మా వాల్యుయేషన్ కేంద్రములలో ఎన్నడును కని యెరుగము. 2024 నవంబరులో ఆ రాష్ట్రపు ఓటర్లు ఈ నిబంధనను త్రోసివేసిరి; పరీక్ష నిలిచినది, డిప్లొమాతో దానికున్న ముడి వీడినది. కాలిఫోర్నియా 2015లోనే తన పరీక్షను నిలిపివేసి, అంతకుమునుపు అది తప్పినవారికి సైతము, తక్కిన చదువు పూర్తిచేసియున్నచో, డిప్లొమాల నొసగినది.

అయితే నన్ను నిదురపోనీయనిది ఫ్లోరిడా వృత్తాంతము. 1970ల చివర ఆ రాష్ట్రము, నిత్యజీవితమునకు వలయు చదువును లెక్కలను పరీక్షించి, తప్పినవారికి డిప్లొమా నిరాకరింప సంకల్పించెను. మూడు పర్యాయములు పరీక్ష జరిగిన పిదప తేలినదేమనగా, తప్పినవారు తెల్లవారిలో నూటికి ఇద్దరు, నల్లవారిలో ఇరువదిమంది. వీరు బాల్యమున వర్ణవివక్షచే వేరుపరుపబడిన బడులలో ఓనమాలు దిద్దినవారు. డెబ్రా పి. వర్సెస్ టర్లింగ్టన్ అను వ్యాజ్యమున 1979లో న్యాయస్థానము ఆ శిక్షను 1982-83 విద్యాసంవత్సరము దాక ఆపివేయగా, 1981లో అప్పీలు న్యాయస్థానము మరియొక ప్రశ్న వేసెను: మీరు పరీక్షలో అడిగినది తరగతిలో చెప్పితిరా? చెప్పినట్లు సాక్ష్యము కూర్చుకొనుట రాష్ట్రమునకే విధియైనది.

ఆ తీర్పును గూర్చి నేను వినకమునుపే, ఒక యేట, నాకొక కట్ట వచ్చెను. 22 పత్రములు, తప్పులు సైతము ఒకే తీరుగా నుండుటచే అన్నియు ఒకే బడివని ఊహించితిని. ఒక్క పత్రముననైనను త్రికోణమితి ప్రశ్నకు సమాధానము లేదు. ఒకడు మాత్రము గోపురమును గీచి, దానికెదురుగ నేలపై మనిషిని నిలిపి, కోణము గుర్తింపక వదలెను. లెక్కల మాస్టారి పోస్టు ఖాళీయో, పాఠము అంతదాక రాలేదో! చీఫ్ ఎగ్జామినర్‌తో ఈ మాట చెప్పితిని. “మనకెందుకండీ మాస్టారూ, మధ్యాహ్నానికి ఇంకో కట్ట ఉంది” అనెను. ఆయనను తప్పుపట్టలేను, ఆయన బల్లపై మాకందరకు పంచవలసిన కట్టలు పేర్చియుండెను.

ఇరువదియొక్క సున్నలు చుట్టితిని. గోపురము గీచినవానికి ఒక మార్కు వేసి కూడితిని, 31 వచ్చెను. కట్ట ముడివేసి స్పెషల్ అసిస్టెంటునకు అందించితిని.